ఫ్లాపీ కెమెరా రోజులు: అగ్గిపెట్టె సైజు ఫోటోల వెనక సంగతి

ఈ సంచిక తిరగేస్తున్న పాత మిత్రులకీ, మాకు చదువు చెప్పిన మాస్టార్లకీ ముందుగా ఒక సంజాయిషీ. మధ్య పేజీల్లో మన పాత పెంకుల హాలు ఫోటోలు వేశాం. ఒక్కోటీ అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదిగా ఉంటుంది, అంతే. 1978 బ్యాచి గ్రూప్ ఫోటో పేజీ నిండా ఉంటే, అంతకి ఇరవయ్యేళ్ల తరవాత తీసినవి ఇంత చిన్నవేమిటి, కాగితానికి పొదుపు చేశారా అని అచ్చు ప్రతి చూసినవాళ్లు అప్పుడే అడిగారు. పొదుపు చేయలేదు. అవి అంతకంటే పెద్దవి కావు. ఎందుకు కావో నన్నే రాసిమ్మని సంపాదకవర్గం తీర్మానించింది. న్యాయమే. ఆ ఫోటోలు తీసింది నేనే, వాటిలో చాలా భాగం పోగొట్టిందీ నేనే.

నా సంగతి కంటే ముందు ఆ కెమెరా సంగతి చెప్పాలి. లేకపోతే నేను చేసిన తప్పు అర్థం కాదు.

మనం చదువుకునే రోజుల్లో కెమెరా అంటే రీలు. ఊళ్లో ఒకటే స్టూడియో. బడికి ఏడాదికోసారి, పదో తరగతి గ్రూప్ ఫోటోకి మాత్రం ఆయన ముక్కాలి స్టాండు మోసుకొచ్చేవాడు. కాస్త ఉన్నవాళ్ల ఇళ్లలో హాట్‌షాట్ కెమెరా ఉండేది. 36 ఫోటోల రీలు వేస్తే పెళ్లికి సగం, సంక్రాంతికి సగం, మిగిలిన నాలుగూ ఎవరో ఒకరి పుట్టినరోజుకి అయ్యేవి. కడిగించి తెచ్చేదాకా ఎవరు కళ్లు మూసుకున్నారో తెలిసేది కాదు. తెలిశాక చేసేదీ ఏమీ లేదు.

రీలు లేని కెమెరా మొదట తయారైంది రీళ్లమ్ముకునే కంపెనీలోనే. 1975లో అమెరికాలో రోచెస్టర్‌లోని కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే కుర్ర ఇంజనీరు ఒక పెట్టె కట్టాడు. బరువు మూడున్నర కిలోల పైమాటే. నిలువుకి వంద, అడ్డానికి వంద చుక్కల నలుపు తెలుపు బొమ్మ తీసి, దాన్ని క్యాసెట్ టేపు మీదకి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది. బొమ్మ చూడాలంటే టీవీ కావాలి. అది అంగట్లోకి రాలేదు.

ఆరేళ్ల తరవాత, 1981 ఆగస్టులో, జపాన్‌లో సోనీ కంపెనీ ‘మావికా’ అనే నమూనా కెమెరా ప్రదర్శించింది. ‘మ్యాగ్నెటిక్ వీడియో కెమెరా’ అన్న మాటల ముక్కలు కలిపి పెట్టిన పేరు అది. రెండంగుళాల అయస్కాంత డిస్కులో 50 బొమ్మలు పట్టేవి. అయితే అవి డిజిటల్ కావు, టీవీ సిగ్నల్‌ని డిస్కు మీద రాయడమే. ఆ నమూనా కూడా అమ్మకానికి రాలేదు గానీ ఆ పేరుని కంపెనీ మరిచిపోలేదు. ఆ పేరు పదహారేళ్ల తరవాత మళ్లీ వినపడింది. మన కథకి అదే ముఖ్యం.

ఈలోపల మామూలు జనం కొనదగ్గ డిజిటల్ కెమెరాలు ఒకటొకటిగా వచ్చాయి. 1994లో ఆపిల్ కంపెనీ ‘క్విక్‌టేక్ 100’ తెచ్చింది. లోపలి పని కొడాక్ వాళ్లది. ధర 749 డాలర్లు. మంచి నాణ్యతతో తీస్తే ఎనిమిదంటే ఎనిమిది ఫోటోలు పట్టేవి. తీసిన బొమ్మ చూసుకోవడానికి వెనక తెర లేదు. మరుసటి ఏడు 1995లో కాసియో వాళ్ల ‘క్యూవీ-10’ వచ్చింది. దాని వెనక 1.8 అంగుళాల చిన్న తెర. బొమ్మ నాణ్యత క్విక్‌టేక్ కంటే తక్కువే, అయినా తీసిన క్షణంలో చూసుకోవడం ఎంత సుఖమో జనానికి రుచి చూపించింది అదే. 96 ఫోటోలు పట్టేవి.

కానీ ఈ కెమెరాలు కొన్నవాళ్లందరిదీ ఒకటే గోడు. ఫోటో కెమెరాలోంచి కంప్యూటర్‌లోకి ఎలా వెళ్లాలి? కెమెరాతో ఇచ్చిన తీగ కంప్యూటర్ వెనకనున్న సీరియల్ పోర్టుకి తగిలించాలి. ఆ పోర్టులో అప్పటికే మోడెమో మౌసో ఉంటుంది. దాన్ని పీకాలి. కెమెరాతో వచ్చిన ప్రోగ్రామ్ ఎక్కించాలి. అది ఒక కంప్యూటర్‌లో పనిచేస్తే మరొకదానిలో మొరాయిస్తుంది. అంతా కుదిరాక ఫోటోలు నిమిషాల తరబడి పాకుతూ వస్తాయి. ఎవరింటికైనా వెళ్లి తీసిన ఫోటోలు వాళ్ల కంప్యూటర్‌లో పెట్టి రావాలంటే తీగ, సీడీ, ఓపిక మూడూ మోసుకెళ్లాలి.

1997లో సోనీ వాళ్లు ఈ చిక్కుముడిని విప్పిన తీరు చూసి నవ్వినవాళ్లే ఎక్కువ. తీగ లేదు, కార్డు లేదు. కెమెరా పొట్టలో ఏకంగా ఒక ఫ్లాపీ డ్రైవు పెట్టేశారు. మనం బడిలో, ఆఫీసులో, కంప్యూటర్ సెంటర్‌లో వాడిన ఆ మూడున్నర అంగుళాల ఫ్లాపీయే, 1.44 ఎంబీది. ఆ ఫ్లాపీ పుట్టిందీ సోనీ ఇంట్లోనే కాబట్టి అల్లుడు అత్తారింటికి కాక పుట్టింటికే వచ్చినట్టయింది. కెమెరాకి పాత పేరే పెట్టారు: డిజిటల్ మావికా. మొదట రెండు రకాలు వచ్చాయి. ఎంవీసీ-ఎఫ్‌డీ5కి జూమ్ లేదు. ఎఫ్‌డీ7కి పది రెట్ల జూమ్ ఉంది. రెండిటిలోనూ బొమ్మ సైజు 640×480 చుక్కలు.

ఆకారం చూస్తే కెమెరాలా ఉండేది కాదు. ఉండలేదు కూడా, లోపల ఫ్లాపీ పట్టాలి కదా. ఇటుక ముక్కకి లెన్సు అతికించినట్టుండేది. అరకిలో పైన బరువు. కన్ను పెట్టి చూసే రంధ్రం లేదు, వెనకనున్న రెండున్నర అంగుళాల తెరలోనే చూడాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ తెరలో మన మొహమే కనపడేది. మీట నొక్కాక లోపల ఫ్లాపీ గిర్రుమని తిరుగుతూ కొన్ని సెకన్లు తీసుకునేది. అది ఆగేదాకా రెండో ఫోటో లేదు. పరుగెత్తే పిల్లల్ని తీయాలనుకున్నవాళ్లకి రెండో ఫోటోలో ఖాళీ మైదానం వచ్చేది. మంచి నాణ్యత పెడితే ఒక ఫ్లాపీకి 15 నుంచి 20 ఫోటోలు, మామూలుది పెడితే 30 నుంచి 40.

ఇన్ని లోపాలున్నా అమెరికాలో అది విరగబడి అమ్ముడైంది. అక్కడి ఆఫీసుల్లో నేను కళ్లారా చూశాను. ఇళ్లమ్మే ఏజెంట్లు, ప్రమాదంలో నలిగిన కారు చూడటానికొచ్చే బీమా వాళ్లు, బడి పంతుళ్లు, ఈబేలో పాత సామాను వేలం పెట్టే గృహిణులు, వీళ్లు దాని ఖాతాదార్లు. వీళ్లెవరికీ గోడకి తగిలించే ఫోటో అక్కర్లేదు. తెర మీద కనపడితే చాలు, మెయిల్‌లో వెళ్తే చాలు. 1997 నాటి కంప్యూటర్ తెర సైజే చాలామటుకు 640×480 లేక 800×600. కాబట్టి ఆ బొమ్మ తెర నిండా కనపడేది. ఎవరికీ చిన్నదని తోచలేదు. ఇప్పుడు మన ఫోన్ తీసే బొమ్మ పక్కన పెడితేనే అది చిన్నది.

పంతుళ్లకి నచ్చిన గుణం ఇంకొకటుంది. ఒక బడికి ఒకే కెమెరా కొంటారు. ఏ తరగతి ఫ్లాపీ ఆ తరగతిది. పిల్లలు తమ ఫ్లాపీ పెట్టుకుని తీసుకుని, తీసేసుకుని వెళ్తారు. కెమెరా అందరిదీ, ఫోటోలు ఎవరివి వాళ్లవి. తీగతో నడిచే కెమెరాలో ఆ వీలు లేదు.

మన తెలుగువాళ్లు ఆ రోజుల్లోనే అమెరికాకి బారులు తీరారు. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తల్లకిందులవుతాయని భయపడి వాళ్లు పిలిచినవాళ్లలో నేనూ ఒకణ్ని. కొత్తగా పిల్లలు పుట్టిన జంటలకి ఈ కెమెరా వరంలా కనపడేది. ఒక ఫోటో 60 నుంచి 80 కేబీ ఉండేది. డయల్‌అప్ మీద కూడా ఒకటి వెళ్లడానికి అరనిమిషం లోపే. ఇక్కడ ఏ విజయవాడలోనో ఏలూరులోనో తాతగారు ఇంటర్నెట్ సెంటర్‌కి రిక్షా కట్టించుకుని వెళ్లి, గంటకింతని డబ్బు కట్టి, మనవడి మొహం పైనుంచి కిందికి పట్టీలు పట్టీలుగా దిగుతుంటే చూసి రావడం నాకు తెలిసిన ఇళ్లలోనే జరిగింది. నుదురు వచ్చి ముక్కు రాకముందే లైను తెగిపోయిందని ఒక పెద్దాయన వాపోయారు.

నా దగ్గరకి ఎఫ్‌డీ7 వచ్చింది 1998 చివర్లో. ఆఫీసులో ఒకాయన కొత్త రకం కొనుక్కుని పాతది సగం ధరకి ఇచ్చాడు. దాంతోపాటు ఒక మాట కూడా ఉచితంగా ఇచ్చాడు: ఫ్లాపీ నిండగానే దాని మూలనున్న చిన్న గడియ జరిపి లాక్ చెయ్యి, లేకపోతే ఏడుస్తావు అని. ఆ మాట వింటే ఈ వ్యాసం రాయాల్సిన పని లేకపోయేది.

1999 సంక్రాంతికి ఊరొచ్చాను. పాత పెంకుల హాలు పడగొట్టి స్లాబు భవనం కడతారని అప్పటికే మాటలు నడుస్తున్నాయి. ఆ హాలు మీకు గుర్తుండే ఉంటుంది. వానొస్తే ఏడో తరగతి వాళ్లు ఎనిమిదో తరగతిలోకి జరిగేవాళ్లం. బయట వేపచెట్టుకి వేలాడే రైలు పట్టా ముక్క మన గంట. లోపల తూర్పు గోడ మీద డ్రాయింగు మాస్టారు వేసిన భారతదేశ పటం. మేం ఆరో తరగతిలో ఉండగా ఆయన సెలవుల్లో నిచ్చెన వేసుకుని వేశారు, రంగుల డబ్బాలు తన జీతంలోంచే కొన్నారు. నదులకి నీలం, కొండలకి గోధుమరంగు. గోదావరిని మటుకు ఉండాల్సిన దానికంటే లావుగా వేశారని సోషల్ మాస్టారు ఆటపట్టించేవారు. పటం పక్కన నల్లటి పట్టీ మీద, 1962 నుంచి బడిలో పదకొండుకో పదికో మొదటి మార్కు తెచ్చుకున్న వాళ్ల పేర్లు, ఏడాదికొకటి, ఆయన చేతిరాతలోనే ఉండేవి. చివరి పేరు 1990ది. ఆ ఏడు ఆయన రిటైరయ్యారు.

కనుమ మర్నాడు ఆయన్ని ఇంటి నుంచి స్కూటరు మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్లాను. కెమెరా చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఏరా, ఇందులో రీలెక్కడ?”

“రీలుండదు మాస్టారూ. ఈ ఫ్లాపీయే రీలు.”

“కడిగించక్కర్లేదా?”

“అక్కర్లేదండీ.”

“అయితే స్టూడియో వాడి గతేం కాను?” అన్నారు. అప్పుడు నవ్వాను. నాలుగైదేళ్లు తిరక్కుండానే ఆ స్టూడియో జెరాక్సు కొట్టయింది.

ఆయన్ని పటం ముందు నిలబెట్టి తీశాను. గిర్రుమన్న చప్పుడు ఆగాక తెర మీద చూపించాను. తన బొమ్మ కంటే వెనక పటాన్నే ఎక్కువసేపు చూశారు. “కావేరి దగ్గర పెచ్చు ఊడింది” అన్నారు. తరవాత పది రెట్ల జూమ్‌తో పేర్ల పట్టీ ఒక్కటీ తెర నిండా వచ్చేలా తీశాను. ఆ రోజు మొత్తం మూడు ఫ్లాపీలు అయ్యాయి. మొదటి దానిలో భవనం, గంట, పనిచేస్తున్న మాస్టార్లు: 19 ఫోటోలు. రెండో దానిలో హాలు లోపలి భాగం, పటం, డ్రాయింగు మాస్టారు: 17. మూడో దానిలో భోజనాలు, మా బ్యాచి గుంపు: 14. మొత్తం యాభై.

మన ఊళ్లో అప్పటికి ఇంటర్నెట్ సరిగా లేదు గానీ బస్టాండు దగ్గర కంప్యూటర్ సెంటర్ ఉండేది. ఈ కెమెరా గొప్పతనం నాకు అక్కడ తెలిసింది. సెంటర్ కుర్రాడు అలాంటి కెమెరా పేరైనా విన్నవాడు కాదు. అయినా ఫ్లాపీ పెట్టాడు, ఫోటోలు తెరుచుకున్నాయి. అంతే. తీగ అడగలేదు, సీడీ అడగలేదు. సోనీ వాళ్ల వస్తువూ మన బస్టాండు కంప్యూటరూ ఏ పరిచయమూ లేకుండా మాట్లాడుకున్నాయి. మొదటి ఫ్లాపీకి ఒక నకలు చేయించి హెడ్మాస్టారుగారికి ఇచ్చాను. రెండోదానికి నకలు చేయించి డ్రాయింగు మాస్టారికి ఇవ్వబోతే, “నాకు కంప్యూటర్ లేదు కదరా” అన్నారు. సరేనండీ అని జేబులో పెట్టుకోబోయాను. “అయినా ఇయ్యి” అని తీసుకున్నారు.

ఇక నా నిర్వాకం. ఈ కెమెరాలో ఫోటోలకి పేర్లు దానంతటదే పెట్టేది, ఎంవీసీ-001, 002, 003 అని. ఫ్లాపీ మార్చగానే లెక్క మళ్లీ 001 నుంచి మొదలు. ప్రతి ఫ్లాపీలోనూ ఒక 001 ఉంటుందన్నమాట. అమెరికా తిరిగి వెళ్లాక కంప్యూటర్‌లో ‘మన బడి’ అని ఒక ఫోల్డర్ తెరిచాను. మొదటి ఫ్లాపీ అందులోకి ఎక్కించాను. రెండోది పెట్టాను. ఆ పేరుతో ఫైలు ఇప్పటికే ఉంది, దాని స్థానంలో ఇది పెట్టనా అని కంప్యూటర్ అడిగింది. మర్యాదగానే అడిగింది. ఒక్కోదానికీ జవాబు చెప్పే ఓపిక లేక ‘అన్నిటికీ సరే’ నొక్కాను. మూడోదానికీ అంతే. రెండు నెలల తరవాత ఫోల్డర్ తెరిచి చూస్తే యాభైకి బదులు పంతొమ్మిది ఉన్నాయి. ఒకటి నుంచి పద్నాలుగు మూడో ఫ్లాపీవి, భోజనాలు. పదిహేను నుంచి పదిహేడు రెండోదానివి. చివరి రెండూ మొదటిదానివి. ముప్ఫై ఒకటి పోయాయి. ఫ్లాపీలు ఉన్నాయిగా అని వెతికితే, నయాగరా చూడటానికి వెళ్తూ ఆ మూడిటినీ ఫార్మాట్ చేసి జలపాతం ఫోటోలతో నింపాను. జలపాతం నేను తీయకపోయినా అక్కడే ఉండేది.

ఈ పొరపాటు నా ఒక్కడిదే అనుకుని సిగ్గుపడి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. తరవాత మావికా వాడిన వాళ్లు నలుగురు కలిసినచోట ఈ మాట ఎత్తితే, ఇద్దరు అప్పుడే తలదించుకున్నారు. ఒకాయన పెద్దకొడుకు బారసాల మీద చిన్నకొడుకు బారసాల ఎక్కించాడు. తరవాతి రకాల్లో ఫ్లాపీ మార్చినా నంబర్లు వరసగా సాగే ఏర్పాటు మెనూలో పెట్టారు. అంటే మాలాంటి వాళ్లు బోలెడుమంది ఉన్నారన్నమాట.

ఫ్లాపీతో ఇతర బాధలూ ఉండేవి. కొత్త పెట్టెలో పదిటికి ఒకటో రెండో చచ్చుగా వచ్చేవి, ఫోటో తీయబోయేసరికి ‘డిస్క్ ఎర్రర్’ అని తెర మీద పడేది. పెళ్లిలో తాళి కట్టే సమయానికి అలా పడితే ఏం జరుగుతుందో ఊహించుకోండి. అందుకని అనుభవం ఉన్నవాళ్లు జేబులో ఎప్పుడూ అరడజను ఫ్లాపీలు, ముందే కెమెరాలో పెట్టి పరీక్షించినవి, ఉంచుకునేవారు. దుమ్ము పడితే డ్రైవు తలకాయ మురికి పట్టేది. ఒక డ్రైవులో రాసింది మరొక డ్రైవులో చదవబడకపోవడమూ ఉండేది. అయితే బ్యాటరీ మటుకు మెచ్చుకోవాలి. ఇంకా ఎన్ని నిమిషాలు మిగిలాయో తెర మీద అంకెల్లో చెప్పేది. ఈనాటి ఫోన్లు శాతాలే చెబుతాయి.

ఫ్లాపీలో ప్రతి ఫోటో పక్కన అదే పేరుతో .411 అనే తోకతో ఇంకో చిన్న ఫైలుండేది. దేనితో తెరిచినా తెరుచుకోదు. స్థలం తినేస్తోందని చాలామంది చెరిపేసేవారు. అది కెమెరా తన కోసం దాచుకునే చిట్టి బొమ్మ. 64×48 చుక్కలు. ఆరేసి ఫోటోలు ఒకేసారి తెర మీద చూపించడానికి వాడుకునేది. దీని సంగతి గుర్తుపెట్టుకోండి.

చుక్కలు పెరిగేకొద్దీ ఫ్లాపీ ఇరుకైపోయింది. 1998లో 1024×768 బొమ్మలు తీసే రకాలు వచ్చాయి, 2000 నాటికి ఇరవై లక్షల చుక్కలవి వచ్చాయి. అంత బొమ్మ ఫ్లాపీలో నాలుగైదుకి మించి పట్టదు. ఆ ఏడే ఫ్లాపీకి బదులు చిన్న సైజు సీడీ మీద రాసే మావికా తెచ్చారు. దానిలో 156 ఎంబీ పట్టేది. 2002లో వచ్చిన ఆఖరి ఫ్లాపీ రకాలకి మెమరీ స్టిక్ కూడా పెట్టుకునే వీలుంది. అప్పటికే కార్డులు చవకయ్యాయి, యూఎస్‌బీ తీగ పెట్టగానే పనిచేస్తోంది. సమస్యే పోయాక దాని పరిష్కారం ఎందుకు? మావికా పేరు మెల్లగా మరుగున పడింది. ఆపిల్ వాళ్లు 1998లోనే ఐమాక్ నుంచి ఫ్లాపీ డ్రైవు తీసేశారు. సోనీ వాళ్లు జపాన్‌లో ఫ్లాపీల అమ్మకం 2011లో ఆపేశారు. అదే జపాన్‌లో ప్రభుత్వ కాగితాలు ఫ్లాపీలో దాఖలు చేయాలన్న నిబంధనలు వదిలించుకోవడానికి 2024 దాకా పట్టిందట. కొన్ని వస్తువులకంటే వాటి మీద రాసిన రూల్సుకి ఆయుష్షు ఎక్కువ.

మన పెంకుల హాలు 2002 వేసవిలో పడగొట్టారు. తూర్పు గోడతో పాటు పటమూ పేర్ల పట్టీ పోయాయి. డ్రాయింగు మాస్టారు 2006లో కాలం చేశారు.

స్వర్ణోత్సవాల్లో ఆ మొదటి మార్కు వాళ్లందరినీ, లేనివాళ్ల తరపున కుటుంబాలనీ పిలిచి సత్కరించాలని మన సంఘం నిరుడు అనుకుంది. పాత రిజిస్టర్లు చెదలు తిన్నాయి. పేర్ల పట్టీ ఫోటో ఎవరి దగ్గరైనా ఉందా అని అడిగితే నాకు గొంతు పెగల్లేదు. ఆ వారంలోనే మాస్టారి అమ్మాయి ఫోన్ చేసింది. నాన్నగారి బీరువాలో సర్టిఫికెట్ల కవరులో ఒక ఫ్లాపీ ఉందన్నయ్యా, దాని మీద నీ పేరూ ‘2’ అనీ రాసుంది, ఇది నీదా అని. ఆయన ఇంటికి కంప్యూటర్ ఏనాడూ రాలేదు. ఆ రోజు కెమెరా వెనక తెర మీద చూసిందే తప్ప ఆయన ఆ ఫోటోలు మళ్లీ చూడలేదు.

యూఎస్‌బీకి తగిలించే ఫ్లాపీ డ్రైవు ఒకటి తెప్పించాను. పదిహేడిటిలో పదకొండు చక్కగా తెరుచుకున్నాయి. రెండు సగంలో ఆగాయి. నాలుగు రాలేదు. కానీ రాని ఆ నాలుగిటివీ చిట్టి .411 బొమ్మలు వచ్చాయి. సెంటర్ కుర్రాడు అదేమిటో తెలియక అన్నీ కలిపి నకలు చేయడం మంచిదయింది. గోరంత బొమ్మల్లో ఎవరెవరో పోల్చుకోలేం గానీ, అవి హాలు పడమటి కిటికీలని తెలుస్తోంది.

మాస్టారు పటం ముందు నిలబడిన ఫోటో నిక్షేపంగా ఉంది. పేర్ల పట్టీ ఫోటో సగంలో ఆగిన రెండిటిలో ఒకటి. పైనుంచి మూడింట రెండు వంతులు బాగుంది, కింద అంతా బూడిదరంగు. 1962 నుంచి 1979 దాకా పద్దెనిమిది వరసలు కనపడుతున్నాయి. 1980 నుంచి 1990 దాకా ఆ బూడిదలో ఉన్నాయి. అవి మనలో చాలామందికి గుర్తే కాబట్టి ఇబ్బంది లేదు. ఇబ్బంది పైవాటిలోనే రెండిటితో. ఒక్కో పేరుకి ఆ ఫోటోలో పదహారు చుక్కల ఎత్తే ఉంది. ‘ప’కీ ‘వ’కీ తేడా ఒక చిన్న గీత. ఆ గీత ఉండాల్సినచోట 1971లోనూ 1974లోనూ మసక ఉంది.

కృత్రిమ మేధతో పెద్దది చేయొచ్చు కదా అని మన కుర్ర బ్యాచి వాళ్లు సలహా ఇచ్చారు. చేసి చూశాం. 1971 పేరు నున్నగా, స్పష్టంగా వచ్చింది. చదివితే అది తెలుగు అక్షరాల్లా కనిపించే ఏవో గీతలు. రెండోసారి చేస్తే ఇంకో రకంగా వచ్చాయి. మాస్టారి ఫోటోకి కూడా అలాగే చేశారు. చొక్కా గుండీలు లెక్కపెట్టేంత బాగా వచ్చింది, కానీ కళ్లు ఆయనవి కావు. ఆయన అమ్మాయి చూసి, “ఈయనెవరు?” అంది. అక్కడితో ఆ పని మానేశాం.

అచ్చులో బొమ్మ తేటగా రావాలంటే అంగుళానికి 300 చుక్కలుండాలని ప్రెస్సు వాళ్ల లెక్క. 640ని 300తో భాగిస్తే రెండంగుళాల పైన కాస్త. 480ని భాగిస్తే 1.6 అంగుళాలు. మధ్య పేజీల్లో మీరు చూస్తున్న సైజు అదే. ఉన్నదాన్ని ఉన్నట్టు వేశాం. సత్కారాల జాబితాలో 1971, 1974 ఎదుట ఖాళీ వదిలాం. ఆ ఏడాది చదివిన పెద్దలు ఎవరైనా ఆ పేర్లు నిశ్చయంగా చెప్పగలిగితే సభ రోజు రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర రాసివ్వండి.

ఇంకొక మనవి. మొదటి ఫ్లాపీ నకలు ఆనాడు హెడ్మాస్టారుగారు బల్ల సొరుగులో పెట్టడం చూశాను. కొత్త భవనంలోకి మారినప్పుడు ఆ బల్ల ఎవరింటికి చేరిందో తెలియదు. నీలంరంగు ఫ్లాపీ, లేబుల్ మీద నా చేతిరాతతో ‘మన బడి - 1’ అని ఉంటుంది. దొరికితే ఏ పాత కంప్యూటర్‌లోనూ పెట్టి చూడకండి, బూజు పట్టి ఉంటే డ్రైవు తలకాయ గీరి ఉన్నది కాస్తా పోతుంది. ఎండ తగలకుండా ఒక కవరులో పెట్టి నాకు కబురు చేయండి. నేనే వచ్చి తీసుకుంటాను.